పిల్లల బొమ్మల పుస్తకం: ఆరు తెల్ల కాగితాల నుంచి ప్రెస్సు దాకా

హన్మకొండలో మా బడిలో శనివారం కథల గంట మొదలుపెట్టినప్పటి నుంచి టీచర్లు, అంగన్‌వాడీ అక్కలు, ఇద్దరు ముగ్గురు అమ్మమ్మలు కూడా ఒకటే అడుగుతున్నారు: "నా దగ్గర మంచి కథ ఉంది సార్, బొమ్మల పుస్తకం ఎట్ల చేయాలె?" ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది. అందుకే వరసగా రాసి పెడుతున్నాను.

బొమ్మల పుస్తకం అంటే ఇక్కడ మూడు నుంచి ఏడేళ్ల పిల్లల కోసం చేసేది. పెద్దవాళ్లు చదువుతుంటే పిల్లలు వింటూ బొమ్మలు చూస్తారు. మాటలు మీరు చదువుతారు, బొమ్మల్ని వాళ్లు చదువుతారు. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క సంగతి మీదే నడుస్తాయి.

ఒక ఉదాహరణను మొదటి నుంచి చివరి దాకా పట్టుకుని పోదాం: సంక్రాంతికి సకినాలు (బియ్యప్పిండితో గుండ్రంగా చుట్టే పిండివంట) చుట్టే అవ్వ, పక్కన కూర్చుని తనూ చుడతానని పేచీ పెట్టే మనవరాలు మల్లి.

## 1. ముందు సరంజామా

- ఎ4 తెల్ల కాగితాలు ఒక యాభై, పెన్సిలు, రబ్బరు, స్టేప్లర్, కత్తెర
- చదవడానికి కనీసం ముప్పై బొమ్మల పుస్తకాలు
- గొంతు రికార్డు చేసుకోవడానికి ఫోను
- వారానికొకసారైనా కలవగల నలుగురైదుగురు పిల్లలు
- ఓపికగా నాలుగైదు నెలలు

ముప్పై పుస్తకాలు కొనాలా అని టెన్షన్ పడకండి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైట్లో తెలుగు బొమ్మల పుస్తకాలు ఉచితంగా దొరుకుతాయి. చదివే స్థాయిని బట్టి వేరు చేసి ఉంటాయి కాబట్టి మొదటి రెండు స్థాయులవి తీసుకోండి. కాగితం మీద చూడాలంటే నేషనల్ బుక్ ట్రస్ట్, చెన్నైలోని తూలిక, సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం ప్రచురణలు తెప్పించుకోవచ్చు. కనీసం పది పుస్తకాలైనా చేతిలో పట్టుకుని చూడండి. ఫోన్లో పేజీ తిప్పడం తెలియదు, జరపడమే తెలుస్తుంది.

## 2. చదవడం కాదు, విప్పడం

ఈ పని రాసేవాళ్లు ఎక్కువగా ఇలాగే నేర్చుకుంటారు. గడియారం రిపేరు నేర్చుకునేవాడు పాత గడియారం విప్పినట్టు, మీరూ పుస్తకాలు విప్పాలి. నాలుగు కసరత్తులు చెబుతాను.

మాటలు మాత్రమే. ఒక పుస్తకంలోని వాక్యాలన్నీ, పేజీ నంబర్లతో సహా, నోటుబుక్కులో రాసుకోండి. బొమ్మలు లేకుండా చదివితే కథ అర్థమైందా? మొత్తం అర్థమైతే ఆ పుస్తకంలో బొమ్మలు అలంకారానికే ఉన్నాయన్నమాట. కొంత అర్థమై కొంత వెలితిగా అనిపిస్తే, అది నేర్చుకోదగ్గ పుస్తకం.

బొమ్మలు మాత్రమే. మాటల మీద కాగితం ముక్కలు అంటించి పుస్తకాన్ని ఒక పిల్లకు ఇవ్వండి. ఆమె చెప్పే కథ రాసుకోండి. మీరు గమనించని పిల్లినో చీమనో ఆమె గమనిస్తుంది.

పటం. వీలైతే చేర్యాల వెళ్లి నకాషీ పటం (గుడ్డ మీద కథను బొమ్మలుగా వేసింది) దగ్గర ఒక గంట నిలబడండి. ఆ ఊరు ఒకప్పుడు మన వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేట. పటంలో ఎర్ర రంగు మీద కథ పట్టీలు పట్టీలుగా ఉంటుంది. పటం విప్పుతూ కథ చెప్పేవాళ్లు బొమ్మలో కనబడే చీర రంగును నోటితో చెప్పరు. ఎవరు ఏమన్నారో, తర్వాత ఏమైందో చెబుతారు. ఏ ఘట్టానికి ఒక పట్టీ ఇచ్చారు, దేన్ని వదిలేశారు అని లెక్క రాసుకోండి.

అనువాదం. స్టోరీవీవర్‌లో ఇంకో భాషలోని పుస్తకాన్ని తెలుగు చేయండి. బొమ్మ మారదు, చోటు పెరగదు, ఆ కొద్ది చోటులోనే తెలుగు వాక్యం కూర్చోవాలి. రెండు పుస్తకాలు చేస్తే చాలు, మీ వాక్యం దానంతటదే చిన్నదవుతుంది. అక్కడి కథలు క్రియేటివ్ కామన్స్ లైసెన్సులో ఉంటాయి కాబట్టి, అసలు రచయిత పేరు, చిత్రకారుల పేరు పెడితే అనువదించడానికి విడిగా అనుమతి అక్కర్లేదు.

## 3. విషయం నుంచి సంఘటనకు రండి

నాకు వచ్చే రాతల్లో సగం ఇక్కడే ఆగిపోతాయి. "బతుకమ్మ గురించి రాశాను" అంటారు. తీరా చూస్తే తంగేడు, గునుగు, బంతి అని పూల జాబితా, తొమ్మిది రోజుల వివరం. పాఠ్యపుస్తకానికి సరిపోతుంది. గునుగు పూలకు రంగు అద్దబోయి మేకపిల్లకు అద్దేసిన పిల్ల ఉంటే కథ మొదలైనట్టు.

మీ ఆలోచనను ఈ మూడు ప్రశ్నలతో తూచండి:

- పిల్లకు ఏం కావాలి? (మల్లికి అవ్వలాగ గుండ్రంగా సకినం చుట్టాలని ఉంది.)
- అడ్డేమిటి? (వేళ్లు మాట వినవు.)
- కంటికి కనబడే మార్పు ఏమిటి? (చుట్టిన ప్రతిసారీ ఇంకేదో ఆకారం వస్తుంది.)

మూడో ప్రశ్నే అసలు గండం. "మల్లి మంచితనం తెలుసుకుంది" అనేదాన్ని ఎవరూ బొమ్మ వేయలేరు. పిండి నత్తలాగ తిరగడాన్ని ఎవరైనా వేయగలరు.

నీతి మాట కూడా ఇక్కడే తేల్చుకోండి. చివరి పేజీలో "కాబట్టి పిల్లలూ" అని రాయాలని చెయ్యి లాగుతుంది. టీచర్లకు మరీనూ, నాకూ లాగుతుంది. ఆ వాక్యం వేరే కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి, పుస్తకంలో పెట్టకండి.

## 4. ఆరు కాగితాల డమ్మీ

డమ్మీ అంటే పుస్తకానికి చేత్తో కట్టుకునే నమూనా. కథ మొత్తం రాశాక డమ్మీ చేద్దామనుకుంటారు. తిరగేసి చేయండి. కథ నాలుగు లైన్లలో తెలిసిన రోజే డమ్మీ కట్టండి.

ఆరు ఎ4 కాగితాలు ఒకదానిమీద ఒకటి పెట్టి మధ్యకు మడిచి, మడత మీద రెండు పిన్నులు కొట్టండి. 24 పేజీలు. ఎందుకు 24? ప్రెస్సులో పెద్ద షీటు రెండువైపులా అచ్చయి, మడత పడితే 8 లేదా 16 పేజీలు వస్తాయి. అందుకే బొమ్మల పుస్తకాలు 16, 24, 32 పేజీల్లో ఉంటాయి. పిన్నింగ్ పుస్తకానికి ఎలాగూ నాలుగుతో భాగించబడే సంఖ్యే కావాలి. 21 పేజీల కథ రాసుకుపోతే మూడు పేజీలు ఖాళీగా మిగులుతాయి, లేదా ప్రెస్సువాళ్లే ఏదో ఒకటి నింపుతారు.

1వ పేజీ పుస్తకం పేరుకు. 2 నుంచి 23 దాకా పదకొండు జంట పేజీలు. 24వ పేజీ ఒంటరిది, చివరి చమక్కుకు అది భలే చోటు. ప్రచురణ వివరాలను అట్ట లోపలికి నెట్టండి, కథ పేజీలు తినేయకుండా.

మల్లి కథ ఇలా కూర్చుంది:

- 2-3: అవ్వ పాత చీర పరిచింది. పిండిలో నువ్వులు, వాము.
- 4-5: అవ్వ వేళ్లు తిరిగితే సకినం.
- 6-7: మల్లి వేళ్లు తిరిగితే...
- 8-9: నత్త!
- 10-11: మళ్లీ, ఇంకా మెల్లగా మల్లి వేళ్లు తిరిగితే...
- 12-13: పాము!
- 14-15: ఈసారి ఊపిరి బిగబట్టి మల్లి వేళ్లు తిరిగితే...
- 16-17: ముక్కలు ముక్కలు. నువ్వులు అంటుకుని చీమల బారు!
- 18-19: అవ్వ ఏమనలేదు. అన్నీ నూనెలో వేసింది. చుయ్.
- 20-21: పిల్లలు ఉరికొచ్చారు. "నత్త నాకు!" "పాము నాకు!"
- 22-23: తలెలో మిగిలినవి అవ్వ చుట్టిన గుండ్రటి సకినాలు.
- 24: మాటలు లేవు. అవ్వ చేయి. ఆ వేళ్ల కింద ఒక నత్త.

7, 11, 15 పేజీలు చూడండి. మూడూ కుడిచేతి వైపు పేజీలే. ఆశ పుట్టించే వాక్యం ఎప్పుడూ కుడి పేజీలో కింద ఉండాలి, జవాబు పేజీ తిప్పాక రావాలి. "మల్లి వేళ్లు తిరిగితే నత్త అయింది" అని ఒకే జంట పేజీలో పెడితే అది సమాచారం. మధ్యలో కాగితం తిరిగితే అది ఆట. మన చిన్నప్పటి ఏడు చేపల కథలో చేపను, గడ్డిమోపును, ఆవును వరసగా అడుగుతూ పోయినప్పుడు, తర్వాత ఎవరిని అడుగుతారో అని ఆగే ఆ క్షణం ఉంది కదా, ఇక్కడ ఆ పని కాగితం చేస్తుంది.

డమ్మీలో బొమ్మలు వచ్చినట్టు గీయండి. తలకాయకు సున్నా, చేతులకు గీతలు చాలు. చూడాల్సింది: ఎక్కడ దగ్గరగా కనబడాలి, ఎక్కడ దూరంగా? పదకొండు జంట పేజీల్లోనూ ఇద్దరు మనుషులు నిలబడి మాట్లాడుతున్నారంటే కథ నాటకం వైపు పోతోందని గుర్తు.

డమ్మీ సరిచూపు

- మొదటి రెండు జంట పేజీల్లోనే పిల్లకు ఏం కావాలో తెలిసిందా?
- కనీసం మూడుచోట్ల పేజీ తిప్పాలనే తహతహ ఉందా?
- ముఖ్యమైన ముఖం, మాట మడతలో పడుతున్నాయా? పడితే పక్కకు జరపండి.
- మాటలే లేని పేజీ ఒక్కటైనా ఉందా?

నాలుగో దానికి చాలామంది భయపడతారు. "ఖాళీగా ఉంటే రాయలేదనుకుంటారేమో" అని. పిల్లలు అనుకోరు.

## 5. రాయడం, తర్వాత కొట్టేయడం

నేను పెట్టుకున్న కొలత: మూడు నుంచి ఐదేళ్ల వాళ్లకు 150-200 మాటలు, ఆపైన ఏడేళ్ల దాకా 350కి మించకుండా. ఇంగ్లిషు లెక్కలు ఇక్కడ పనికిరావు. "చుట్టలేకపోయింది" మనకు ఒక్క మాట, చెవికి మాత్రం ఏడు అక్షరాల బరువు.

మల్లి కథ మొదటి రాతలో నేను ఇలా రాశాను:

"తెల్లటి జుట్టుతో ఉన్న అవ్వ నేల మీద పాత ఎర్ర చీర పరిచి, తన నైపుణ్యం గల వేళ్లతో చకచకా గుండ్రటి సకినాలు చుడుతూ ఉంటే, మల్లి ఆశ్చర్యంగా చూస్తూ తను కూడా అలాగే చుట్టాలని అనుకుంది."

ఇందులో జుట్టు, చీర రంగు, గుండ్రదనం, ఆశ్చర్యం బొమ్మలో కనబడతాయి. నైపుణ్యం ఎలాగూ ఎవరికీ కనబడదు. మిగిలింది ఇదీ:

"అవ్వ వేళ్లు తిరిగితే సకినం. 'నేను సుత చుడత!' అంది మల్లి."

కొట్టేసే పద్ధతి సులువు. రాతను డమ్మీలో పెట్టి, ప్రతి మాట మీద వేలు పెట్టి, ఇది బొమ్మలో ఉందా అని అడగండి. ఉంటే కొట్టేయండి. వాసన, చప్పుడు, వేడి, కాలం, ఎదుటివాడి మనసులో మాట బొమ్మకు అందవు. అవి ఉంచండి.

అవ్వ అనే మాటనే తీసుకోండి. మన దిక్కు కొన్ని ఇళ్లల్లో అవ్వ అంటే అమ్మ, కొన్ని ఇళ్లల్లో నానమ్మ. వివరణ రాయాలా అని ఒక టీచరమ్మ అడిగింది. అక్కర్లేదు, తెల్లజుట్టు చూసి పిల్లలే తేల్చుకుంటారు.

## 6. నోటికి పట్టించడం

ఈ పుస్తకం ఎవరో ఒకరు బిగ్గరగా చదువుతారు. కాబట్టి రాత సరిచేయాల్సింది నోటితో. ఫోన్లో రికార్డు చేసి, మరునాడు వినండి. ఊపిరి అందని వాక్యం, నాలుక తడబడే మాట మీకే దొరుకుతాయి. తర్వాత కథ తెలియని ఇంకొకరికి ఇచ్చి చదివించండి. వాళ్లు తడబడితే తప్పు మీ రాతదే.

- పాతకాలపు క్రియలు. "భుజించెను, వెడలెను" తీసేసి "తింది, పోయింది" అనండి.
- చప్పుళ్లు. తెలుగుకు ఉన్న సిరి ఇది. కరకర, జలజల, గుటగుట, చిటపట. పిల్లలు మీతోపాటు అనేవి ఇవే. అయితే పేజీకి ఒకటి చాలు.
- ఒత్తులు. పిల్లలు తామే చదువుకునే పుస్తకమైతే సంయుక్తాక్షరాలు తగ్గించండి. సంక్రాంతి లాంటివి చెవికి ఎరుకైన మాటలే కాబట్టి పరవాలేదు.
- మళ్లీ వచ్చే వాక్యం. "మల్లి వేళ్లు తిరిగితే..." మూడుసార్లు రావాలి, మూడోసారికి పిల్లలే అనాలి. నాలుగోసారి విసుగు.

ఇక యాస. చాలామంది అడిగేది ఇదే. నా పద్ధతి: కథ చెప్పే గొంతు తేలిక తెలుగులో, మనుషుల మాటలు వాళ్ల యాసలో. "గిట్ల తిప్పు బిడ్డా" అనే అవ్వను "ఇలా తిప్పు పాపా" అనిపిస్తే ఆమె మన అవ్వ కాదు. అట్లని ప్రతి మాటా యాసలో పెట్టి, గుంటూరు పిల్లవాడికి అక్షరం అర్థం కాకుండా చేయడమూ నాకు నచ్చదు. బొమ్మ తోడున్న మాటలను ధైర్యంగా ఉంచండి: అంగి, తలె (పళ్లెం), గంజు (వంట గిన్నె), మక్కకంకి. బొమ్మ చూసి ఎవరైనా నేర్చుకుంటారు. సకినాలను మాత్రం ఏ సంపాదకుడు అడిగినా జంతికలు చేయనివ్వకండి. రెండింటికీ పోలికే లేదు!

## 7. పిల్లల ముందు పెట్టడం

మూడుచోట్ల చదవండి: ఒళ్లో ఒక్క పిల్లకు, చుట్టూ ఐదారుగురికి, ముప్పైమంది తరగతికి. ఒకచోట పండింది ఇంకోచోట పండదు.

"బాగుందా?" అని అడగకండి. "బాగుంది సార్" అంటారు, నా మొదటి కథకు కూడా అన్నారు. అది దగ్గర దగ్గర వెయ్యి మాటల రాత. ఐదో పేజీకి తరగతి సగం కిటికీలోంచి కోతుల్ని చూస్తోంది, ఎనిమిదో పేజీకి నేనూ చూశాను.

మీ పక్కన ఇంకొకరిని కూర్చోబెట్టి ఇవి రాయించండి:

- ఏ పేజీ దగ్గర కదిలారు, పక్కవాణ్ని గిల్లారు?
- ఏ పేజీ దగ్గర ముందుకు వంగారు?
- ఎక్కడ ముందే జవాబు చెప్పేశారు? (చివరిది ముందే తెలిసిపోతే చిక్కు. మధ్యవి తెలిస్తే మంచిదే.)
- అయిపోయాక "మళ్లీ చదువు" అన్నారా?

ఒక్క గుంపు మాట విని మార్చకండి. మూడుచోట్లా అదే పేజీలో జారితే ఆ పేజీ మార్చండి. మల్లి కథలో అవ్వ ఓదార్పు మాటలు ఒక జంట పేజీ నిండా ఉండేవి. మూడుచోట్లా అక్కడే జారారు. "అవ్వ ఏమనలేదు" అయింది.

## 8. చిత్రకారులతో పని

ప్రచురణ సంస్థకు పంపేవాళ్లు చిత్రకారుల్ని వెతుక్కోనక్కర్లేదు, సాధారణంగా వాళ్లే చూసుకుంటారు. సొంతంగా వేసుకునేవాళ్లకే ఈ భాగం.

సూచనలు తక్కువ రాయండి. "మల్లి నీలం లంగా, రెండు జడలు, ఎడమవైపు పిల్లి" అని రాస్తే చిత్రకారుల చేతులు కట్టేసినట్టు. మాటల్లో లేనిది, కథకు తప్పనిది మాత్రమే చెప్పండి. మా కథలో అలాంటిది 24వ పేజీ ఒక్కటే.

ఫోటోలు మాత్రం ఎన్నైనా ఇవ్వండి. మన ఊళ్లు చూడని చిత్రకారులు తాటిచెట్ల బదులు కొబ్బరిచెట్లు పెట్టేస్తారు. చీర మీద ఆరుతున్న సకినాలు, పెంకుటిల్లు, దర్వాజ, అరుగు, పత్తి బస్తాల ట్రాలీ, ఏది కావాలన్నా ఫోన్లో తీసి పంపండి.

ఒప్పందం కాగితం మీద ఉండాలి, చుట్టాలైనా సరే:

- ఎన్ని బొమ్మలు, ఎన్నిసార్లు మార్పులు, ఎప్పటికి
- ఎంత డబ్బు, ముందు ఎంత
- హక్కులు ఎన్నేళ్లు, ఏ భాషలకు, ఎక్కడ. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం, హక్కులు రాసిచ్చేటప్పుడు కాలం చెప్పకపోతే ఐదేళ్లనీ, చోటు చెప్పకపోతే భారతదేశం వరకేననీ లెక్క.
- అట్ట మీద ఇద్దరి పేర్లూ ఒకే సైజులో

## 9. డిటిపి, ప్రెస్సు

- బొమ్మలు అచ్చు సైజులో 300 డిపిఐ (అంగుళానికి 300 చుక్కలు), సిఎంవైకె రంగుల్లో (ప్రెస్సులో అచ్చుకు వాడే నాలుగు రంగులు, ఒక్కో రంగుకు ఒక్కో ప్లేటు).
- కటింగ్ కోసం బొమ్మ అన్నివైపులా 3 మి.మీ. ఎక్కువ. మాటలు అంచుకు, మడతకు కనీసం ఒకటిన్నర సెంటీమీటర్ల దూరం.
- అక్షరం 18 నుంచి 24 పాయింట్లు. మాటలు నలుపులోనే, నలుపు ప్లేటులోనే. రేపు ఇంకో భాషలో వేస్తే ఆ ఒక్క ప్లేటు మార్చితే చాలు.
- లోపలి కాగితం 130 జిఎస్‌ఎం (కాగితం బరువు లెక్క) ఆర్ట్ పేపర్, అట్ట 250 పైన.
- యాభై వంద కాపీలైతే డిజిటల్, ఐదు వందలు దాటితే ఆఫ్‌సెట్ (ప్లేట్లతో వేసే అచ్చు) గిట్టుబాటు.

తెలుగుకు లైన్ల మధ్య ఎడం బాగా ఇవ్వాలి, ఒకటిన్నర రెట్లు. పైన గుడులు, కింద ఒత్తులు. నేను మొదటిసారి అచ్చు వేయించినప్పుడు ఎడం తగ్గించి పెట్టారు, నేనేమో ప్రూఫును (అచ్చుకు ముందు సరిచూసే ప్రతిని) ఫోన్లో చూసి "ఓకే" అన్నాను. పుస్తకం వచ్చాక చూస్తే "అవ్వ" అన్నచోటల్లా ఒత్తు తెగి "అవ" అని పడింది. ఐదు వందల కాపీలు. ఇంటిల్లిపాదీ నల్ల పెన్నులతో కూర్చుని వ ఒత్తులు పెట్టాం.

కాబట్టి కాగితం మీద, అసలు సైజులో ప్రూఫు తీయించుకోండి. మీరు ఫోన్లో కొట్టిన యూనికోడ్ రాతను డిటిపి సెంటర్లో అను ఫాంట్లలోకి (యూనికోడ్ కాని డిటిపి ఫాంట్లు) మార్చినా, మళ్లీ కొట్టినా తప్పులు దూరతాయి. అక్షరం అక్షరం చూడాల్సిందే.

ఐఎస్‌బిఎన్‌కు (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు) మన దేశంలో డబ్బు కట్టనక్కర్లేదు. రాజా రామ్మోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీకి ఆన్‌లైన్లో దరఖాస్తు పెట్టుకోవాలి. అచ్చుకు నెలా రెండు నెలల ముందే పెట్టండి, ఆ నంబరు అట్ట మీదికి ఎక్కాలి కదా.

## 10. ప్రచురణ సంస్థకు పంపేటప్పుడు

ముందు వాళ్ల పుస్తకాలు ఓ పది చూడండి. తర్వాత వాళ్ల సైట్లో రాతలు ఎలా తీసుకుంటారో చదివి, అలాగే పంపండి.

- పేజీ నంబర్లతో యూనికోడ్‌లో టైపు చేసిన రాత
- ఏ వయసు పిల్లలకో ఒక లైను
- తప్పనిసరైన బొమ్మ సూచనలు, వేరే రంగులో
- మీ గురించి నాలుగు లైన్లు

"మా పిల్లలకు చాలా నచ్చింది" అని రాయకండి, అందరూ రాస్తారు. డమ్మీ అసలు ప్రతి కూడా పంపకండి, జిరాక్సు పంపండి. జవాబుకు నెలలు పట్టొచ్చు. ఈలోపు ఇంకో ఆరు కాగితాలు మడవండి. నేను ఇప్పుడు మడిచిన దాంట్లో రంగు పూసుకున్న ఆ మేకపిల్ల ఏడో పేజీ దాకా వచ్చి, బావి గట్టు మీద నిలబడి ఉంది. ఎనిమిదో పేజీ ఇంకా తేలలేదు.